చెమట పట్టని వారికి మాత్రమే

నా ఇయర్‌బడ్స్‌లో ఎడమది పోయిన వారం కన్ను మూసింది. వయసు పదకొండు నెలలు. ఈ జాతి వస్తువులు మామూలుగా వారంటీ ముగిసిన మర్నాడు పోతాయి. ఇది ఇంకో నెల గడువుండగానే పోయింది. ఎంత మర్యాద తెలిసిన వస్తువో అని మురిసిపోయి, బిల్లూ డబ్బా సమేతంగా బెజవాడలో సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. మే నెల. మధ్యాహ్నం పన్నెండున్నర. ఈ రెండు ముక్కలూ గుర్తుపెట్టుకోండి.

గంటసేపు కూర్చోబెట్టాక కౌంటర్‌లో కుర్రాడు దాన్ని భూతద్దం కింద పెట్టి, శవపంచనామా రాసే ఎస్సైలా మొహం పెట్టాడు.

"ఇవి పెట్టుకున్నప్పుడు మీకు చెమట పట్టిందా సార్?"

"ఎక్కడ బాబూ?"

"చెవుల దగ్గర సార్."

బెజవాడలో. మే నెలలో. అడుగుతున్నవాడి చొక్కాయే వీపుకి అంటుకుపోయి ఉంది. "కొంచెం పట్టిందేమో" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఇంత ఖరీదైన నిజం చెప్పలేదు నేను. వెంటనే కాగితం మీద రాసేశాడు: లోపల తేమ, వారంటీ వర్తించదు.

అతని వెనక గోడ మీద నిలువెత్తు పోస్టర్. కండలు తిరిగిన ఒకాయన జడివానలో పరిగెడుతున్నాడు. నుదుటి మీద నుంచి గడ్డం దాకా వానా చెమటా కలిసి కారుతున్నాయి. చెవుల్లో ఇవే బడ్స్. పక్కన బంగారు రంగులో ఐపీఎక్స్4 అని రాసుంది.

"మరి ఆయనకి పట్టిన చెమటో?"

కుర్రాడు వెనక్కి తిరిగి చూశాడు. "ఆయన మోడల్ సార్."

ఐపీఎక్స్4 అంటే ఏమిటో కూడా ఓపిగ్గా చెప్పాడు. ఏ వైపు నుంచి నీళ్లు చిలికినా తట్టుకుంటుందట. మంచినీళ్లు. ల్యాబులో. కొత్త పీసు. చెమటలో ఉప్పుంటుంది సార్, ఉప్పు తగిలితే పిన్నులకి చిలుము పడుతుంది సార్. దీన్ని తయారుచేసిన మేధావులు చెవి కొలతలు పక్కాగా తీసుకున్నారు గాని, ఆ చెవి ఒక మనిషికి అతుక్కుని ఉంటుందన్న సంగతి వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు.

అందుకని ఇప్పుడు నాకు ఆచారాలు తెలిశాయి. స్నానం చేసి, తడి పూర్తిగా ఆరేదాకా ఫ్యాను కింద కూర్చుని, చెవులకి పౌడరు అద్దుకుని, మడి కట్టుకున్నట్టు ఏసీ గదిలో కదలకుండా వినాలి. పాట విషాదగీతమైతే వెల్లకిలా పడుకోకూడదు. కన్నీళ్లు తిన్నగా చెవుల్లోకే వస్తాయి. వంటింట్లో పోపు పెడుతూ వినడం, ఆర్టీసీ బస్సులో నిలబడి వినడం మహాపాపాలు. వాకింగ్‌కి పెట్టుకెళ్లచ్చు, నడవకుండా ఉంటే.

ఒక్క ఎడమది విడిగా ఇస్తారా అంటే ఇస్తామన్నారు. ధర జత ధరలో ముప్పావు వంతు. దండం పెట్టి బయటపడ్డాను.

బీసెంట్ రోడ్డు దగ్గర పాతికేళ్లుగా రిపేర్లు చేసే ఒకాయన దగ్గరికి వెళ్లాను. వైరు ఇయర్‌ఫోన్ల కాలంలో నాకు ఆయనే ఇ.ఎన్.టి. అవీ పోయేవి, కాదనను. పిన్ను మొదట్లో వైరు నలిగి ఒక చెవిది పలికేది కాదు. వైరుని ఒక వంపులో వంచి బొటనవేలితో నొక్కిపట్టి, వేలు కదిలితే పాట పోతుందన్న భయంతో తునిదాకా ప్రయాణం చేసినవాణ్ని. కానీ ఈయన వైరు కోసి, కొత్త పిన్ను సోల్డరింగ్ చేసి, ముప్పై రూపాయలు తీసుకునేవాడు. 2016లో ఆపిల్ వాళ్లు ఐఫోన్ 7లో ఆ పిన్ను పెట్టే కన్నమే మూసేశారు. ఎందుకంటే ధైర్యం అన్నారు వేదిక మీద. వినేవాళ్లకి కావాల్సిన ధైర్యం గురించి మాత్రం చెప్పలేదు. అదే ఏడాది వచ్చిన వాళ్ల వైర్లెస్ బడ్స్ ఎయిర్‌పాడ్స్‌ని, వస్తువులు విప్పి రిపేరుకి ఎంత వీలో మార్కులేసే ఐఫిక్సిట్ వాళ్లు విప్పి చూసి పదికి సున్నా వేశారు.

ఆయన నా బడ్‌ని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు. "తెరవాలంటే పగలగొట్టాలి మాస్టారూ. అంతా జిగురే."

జిగురు! చెమట గొడవ నవ్వుకోవచ్చు. ఇది నవ్వుకునేది కాదు. లోపల శనగగింజంత లిథియం బ్యాటరీ ఉంటుంది. రోజూ ఛార్జింగ్ పెడితే రెండు మూడేళ్లలో దాని సత్తువ అయిపోతుందని పెట్టినవాడికి తెలుసు. తెలిసే జిగురేసి మూస్తాడు. మార్చడం చేతకాక కాదు. ఫెయిర్‌ఫోన్ అనే డచ్చి కంపెనీ 2024లో బ్యాటరీ మార్చుకునే బడ్స్ అమ్మి చూపించింది. యూరప్ వాళ్లు 2027 ఫిబ్రవరి నుంచి ఇలాంటి బ్యాటరీలు వాడేవాడే తీసి మార్చుకునేలా ఉండాలని చట్టం చేసుకున్నారు. మనకి 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వచ్చింది, పోర్టల్ వచ్చింది. పోర్టల్‌తో జిగురు ఊడుతుందా? బంగారంలాంటి చేతిపని ఉన్న మనిషిని ఉత్త చేతులతో కూర్చోబెట్టి, చచ్చిన లిథియాన్ని మా మున్సిపాలిటీ చెత్తబండిలోకి తోసి, దానికి సుఖం, స్వేచ్ఛ అని పేర్లు పెట్టి అమ్ముతున్నారు. సిగ్గు లేకపోతే సరి.

కాస్త చల్లబడ్డాక, ఇంట్లో వేరే కంపెనీలవి రెండు కుడి బడ్స్ ఉన్నాయని, వాటికేమైనా సంబంధం చూస్తాడేమోనని అడిగాను.

"కంపెనీ వేరైతే కుదరదండి. మోడల్ కూడా కలవాలి" అని, బల్ల కింద నుంచి పాత బిస్కెట్ డబ్బా తీసి మూత తెరిచాడు. నిండా ఒంటి బడ్స్.

"ఎడమది ఒక్కటైనా ఉందా బాబాయ్?"

వేలితో కలియబెట్టి చూశాడు. "అన్నీ కుడివే మాస్టారూ."