పోర్టర్ ఆ పిల్లాణ్ని కాల్చలేదు

బ్రిటిష్ టీవీ సిరీస్ 'స్ట్రైక్ బ్యాక్' అంటే తుపాకులు, పేలుళ్లు తప్ప ఏమీ లేదని ఒక వ్యాసంలో రాశారు. తర్వాతి సీజన్ల విషయంలో కొంత ఒప్పుకుంటాను. కానీ 2010లో బ్రిటన్‌లోని స్కై చానెల్లో వచ్చిన మొదటి సీజన్‌ని, అదీ ఆరంటే ఆరు ఎపిసోడ్లు, అదే గాటన కట్టేయడం అన్యాయం.

2003లో ఇరాక్ యుద్ధం మొదలవబోతోంది. బందీని విడిపించడానికి ఇరాక్‌లోని బస్రా నగరానికి వెళ్లిన ఎస్ఏఎస్ (బ్రిటిష్ సైన్యంలోని ప్రత్యేక దళం) సైనికుడు జాన్ పోర్టర్‌కి, ఒంటికి బాంబులు కట్టుకున్న పిల్లాడు ఎదురవుతాడు. కాల్చెయ్యాలి. పోర్టర్‌కి చేతులు రావు, స్పృహ తప్పేలా కొట్టి వదిలేస్తాడు. కాసేపటికి సొంత మనుషులు చనిపోతారు. ఆ చావులకు తనే కారణమన్న నింద మోస్తూ ఏడేళ్లు బతుకుతాడు. అసలు నిజం ఏమిటో చెప్పను, చూడనివాళ్లు ఉంటారు. పోర్టర్‌గా నటించిన రిచర్డ్ ఆర్మిటేజ్ ఆ భారాన్ని ఒక్క డైలాగ్ లేకుండా కళ్లతోనే చూపించాడు. ఆ సీన్లలో ఉన్న టెన్షన్ ఏ పేలుడులోనూ లేదు.

మూల నవల రాసిన క్రిస్ ర్యాన్ కూడా ఎస్ఏఎస్‌లో పనిచేసినవాడే, 1991లో ఇరాక్ నుంచి కాలినడకన సిరియా చేరి ప్రాణాలు దక్కించుకున్న మనిషి. ఆ అనుభవం కథలో తెలుస్తుంది.

రెండో సీజన్‌లో ఢిల్లీ హోటల్ ముట్టడి బాగానే తీశారు. కానీ మొదటి ఎపిసోడ్‌లోనే పోర్టర్‌ని చంపేశారు. ఆ బాధ నాకింకా పోలేదు.