ఫైనాన్స్ పీజీలో నేర్పేది షేర్ల చిట్కాలు కాదు

"ఫైనాన్స్‌లో పీజీ అంటే ఏ షేరు కొనాలో చెప్పే ఖరీదైన కోర్సు. అంత తెలిస్తే ఆ పాఠాలు చెప్పేవాళ్లే కోటీశ్వరులు కావాలి కదా? వాళ్ల సిద్ధాంతాలు 2008లోనే బోర్లాపడ్డాయి. మిగిలింది ఎక్సెల్, అది వీడియోల్లో ఉచితంగా వస్తుంది." ఈ మాటలు చాలాకాలంగా చేతులు మారుతున్నాయి. వీటిని నమ్మి చిట్కాల కోసం చేరేవాళ్లున్నారు, నమ్మి మానేసేవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ నష్టమే. ఆ కోర్సు చదివినవాణ్ని కాబట్టి ఒక్కొక్కటిగా చెప్తాను.

ఫలానా షేరు కొనమని చెప్పిన క్లాసు నేనొక్కటీ వినలేదు. పైగా మొదట్లోనే ఆర్థికవేత్త యూజీన్ ఫామాను చదివిస్తారు. అందరికీ తెలిసిన సమాచారం ధరలోకి ఎప్పుడో చేరిపోయి ఉంటుందని ఆయన వాదన. ధరలు జనం ఆశతో, భయంతో దారి తప్పుతాయన్న రాబర్ట్ షిల్లర్‌నూ ఆ పక్కనే చదవాలి. 2013లో ఆర్థికశాస్త్ర నోబెల్ పంచుకున్న ముగ్గురిలో వీళ్లిద్దరూ ఉన్నారు.

షేర్ల పాఠంలో అసలు విషయం రిస్క్. 1952లో ఆర్థికవేత్త హ్యారీ మార్కోవిట్జ్ చూపిన లెక్క ఇది. ఒక్కోదానికి 20 శాతం ఒడిదుడుకులున్న రెండు షేర్లలో డబ్బు సగం సగం పెట్టామనుకోండి. రెండూ ఎప్పుడూ కలిసే కదిలితే మొత్తం రిస్క్ 20 శాతమే. వాటి కదలికలకు సంబంధమే లేకపోతే సుమారు 14 శాతానికి దిగుతుంది. ఏ షేరు పెరుగుతుందో చెప్పకుండానే రిస్క్ తగ్గించే దారి దొరికింది. ఇది మొదటిసారి కాగితం మీద వేసుకున్న రోజు నాకింకా గుర్తుంది.

షేర్లు పక్కన పెడితే, చదువులో పెద్ద భాగం కంపెనీ లోపలి వ్యవహారమే. విస్తరణకు అప్పు తేవాలా, వాటాలు అమ్మాలా? పుస్తకాల్లో లాభం కనిపిస్తున్నా జీతాల రోజున ఖాతాలో డబ్బెందుకు లేదు? అప్పు మీద అమ్మిన సరుకు కూడా లాభంలో కలుస్తుంది, డబ్బు చేతికి మాత్రం తర్వాతెప్పుడో వస్తుంది. ఈ తేడా పట్టుకోవడానికే వారాలు పట్టింది.

పాఠాలు చెప్పేవాళ్ల సంపద గురించి పెద్దగా చెప్పేదేం లేదు. రిస్క్‌ను కొలవడం తెలిసినంత మాత్రాన రేపటి ధర తెలియదు, తెలుస్తుందని వాళ్లు అనరు కూడా.

2008 ఆర్థిక సంక్షోభం విషయంలో ఆ మాటలో కొంత నిజముంది. అమెరికాలో వేర్వేరు ప్రాంతాల ఇళ్ల అప్పులు ఒక్కసారే మునగవన్న అంచనా మీద బాండ్లు అల్లారు, వాటికి అత్యున్నత రేటింగ్‌లూ ఇచ్చారు. ఇళ్ల ధరలు దేశమంతా పడేసరికి ఆ అంచనా తేలిపోయింది. పైన చెప్పిన రెండు షేర్ల లెక్కలో "సంబంధం లేదు" అనుకున్న చోటే తప్పు జరిగిందన్నమాట. అంతకుముందు 1998లో లాంగ్ టర్మ్ క్యాపిటల్ మేనేజ్‌మెంట్ అనే అమెరికన్ పెట్టుబడి సంస్థ కూడా దెబ్బతింది. 1997లో నోబెల్ అందుకున్న రాబర్ట్ మెర్టన్, మైరన్ షోల్స్ అందులో భాగస్వాములు. 14 సంస్థలు సుమారు 360 కోట్ల డాలర్లు పోసి దాన్ని నిలబెట్టాల్సి వచ్చింది. ఈ వైఫల్యాలను మాకు ఎవరూ దాచలేదు, పరీక్షలో ప్రశ్నలుగా అడిగారు.

ఇక ఎక్సెల్. ఫార్ములాలు ఎక్కడైనా దొరుకుతాయి, ఆ మాట ఒప్పుకుంటాను. ఒక కంపెనీ వచ్చే ఏడాది 100 సంపాదిస్తుంది, అది ఏటా 3 శాతం చొప్పున ఎప్పటికీ పెరుగుతుంది, డిస్కౌంట్ రేటు, అంటే రేపు వచ్చే డబ్బును నేటి విలువకు తగ్గించే రేటు, 10 శాతం అనుకుందాం. 100ను ఆ రెండింటి తేడాతో, అంటే 7 శాతంతో భాగిస్తే కంపెనీ విలువ సుమారు 1,429. పెరుగుదలను 4 చేసి, రేటును 9కి దించండి. విలువ 2,000 అవుతుంది. ఒక్కో శాతం జరిపితే 40 శాతం తేడా! షీట్‌లో ఎక్కడా ఎర్రర్ రాదు.

నా మొదటి ప్రాజెక్టులో నేను 4 శాతమే వేశాను. మేడమ్ ఫార్ములా వైపు చూడనే లేదు. "ఎందుకు నాలుగు?" అనడిగారు. నా దగ్గర జవాబు లేదు. దేశ ఆర్థిక వ్యవస్థ 3 శాతం పెరుగుతుంటే ఒక్క కంపెనీ ఎప్పటికీ 4 శాతం పెరిగితే, చివరికి దేశం కన్నా కంపెనీయే పెద్దదవ్వాలి కదా అన్నారు. ఆ వారమంతా ఆ ఒక్క అంకె మీదే కూర్చున్నాను.