పేరొస్తుంది కదా, ఇంకేం కావాలి?

గీతలతో, గళ్లతో కంటిని మాయ చేసే బొమ్మలేసిన బ్రిటిష్ చిత్రకారిణి బ్రిడ్జెట్ రైలీ పేరెత్తితే చాలు, ఎక్కడ్నించో ఒక మేధావి ఊడిపడి "అయినా ఆవిడ బొమ్మల్ని కాపీ కొట్టిన ఆ డ్రెస్సుల వల్ల ఆవిడకి ఫ్రీ పబ్లిసిటీయే కదండీ" అంటాడు. నిజమే సార్. పాపం ఆ బట్టల వ్యాపారుల్ని మనమే అపార్థం చేసుకున్నాం, కళాపోషణలో రాయలవారి తర్వాత వాళ్లే.

1965, న్యూయార్క్. మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో 'ది రెస్పాన్సివ్ ఐ' అని ఇలాంటి కంటిమాయ బొమ్మల ఎగ్జిబిషన్, కేటలాగ్ అట్ట మీద రైలీ గీసిన 'కరెంట్'. ఆవిడ లండన్ నుంచి వచ్చి చూస్తే మాడిసన్ అవెన్యూ షాపుల్లో అన్నీ తన గీతల్లాంటివే, ఫ్రేముల్లో కాదు, షోకేసు బొమ్మల ఒంటి మీద! ఆవిడ పెయింటింగ్ కొన్న ఒకాయనది డ్రెస్సుల వ్యాపారం, కొన్నాను కదా అని గుడ్డ మీద అచ్చేయించేశాడు, పైగా ఆవిడ మురిసిపోతుందనుకున్నాడు. ఓపెనింగ్ సీను ఊహించుకోండి, గోడ మీద గీతలు, గోడ ముందు గౌన్ల మీద కూడా గీతలే, ఎవరు గెస్టో ఏది ఎగ్జిబిటో తెలీదు, గోడ మీద బొమ్మ కదిలినట్టు అనిపిస్తుందంతే, గౌను మీదది నిజంగానే కదిలి డ్రింకుల దాకా వెళ్లొస్తుంది. కళ అంటే అదీ!

ఆవిడకి మాత్రం విశ్వాసం లేదు, లాయర్ల దగ్గరికెళ్లింది. బొమ్మ కాపీ కొడితే అడ్డుకోడానికి అమెరికా చట్టంలో దిక్కులేదని తేలింది.

ఇంతకీ ఆ గీతలేమైనా ఆకాశంలోంచి రాలాయా? లండన్‌లో గోల్డ్‌స్మిత్స్, రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లలో బొమ్మల చదువులు, యాడ్ ఏజెన్సీలో ఉద్యోగం, 1959లో, రంగు చుక్కలతో బొమ్మలేసిన పాతకాలపు ఫ్రెంచి చిత్రకారుడు సెరా వంతెన బొమ్మ ఒకటి ముందు పెట్టుకుని చుక్కచుక్కా కాపీ చేస్తూ రంగు పక్కన రంగు పడితే కన్ను ఏం చేస్తుందో పట్టుకోవడం. 1961లో 'మూవ్‌మెంట్ ఇన్ స్క్వేర్స్' చూడండి, నలుపు తెలుపు గళ్లు, ఎత్తు మారదు, వెడల్పే తగ్గుతూ తగ్గుతూ ఒకచోట బొమ్మే మడత పడి లోపలికి జారిపోయినట్టు ఉంటుంది. ఆ మడత ఎక్కడ పడాలో తేల్చుకోడానికి ఎన్ని కాగితాలు ఖర్చవుతాయో కత్తెర పట్టినోడికేం తెలుసు? తర్వాత 1967 నుంచి రంగుల్లోకి వెళ్లింది, 1968లో ఇటలీలో జరిగే పేరున్న అంతర్జాతీయ కళాప్రదర్శన వెనిస్ బినాలేలో పెయింటింగ్ బహుమతి, అది తీసుకున్న మొదటి మహిళ. అదీ గౌన్ల పుణ్యమేనేమో మరి.

పేరొస్తుందంట పేరు! గుడ్డకి డబ్బిచ్చారు, కుట్టినోళ్లకి కూలిచ్చారు, ఆఖరికి గుండీలు కూడా కొనుక్కునే ఉంటారు, గీసినావిడకి మాత్రం పేరంట. ఆ గౌను మెడ వెనక లేబుల్ తిప్పి చూడండి, ఎవడి పేరుందో.