టెంపరరీ కుర్చీలో ఊసుపోని గంటలు

ఎవరో ప్రసూతి సెలవు మీద వెళ్తేనో, ఏడాది చివరి లెక్కలు మీద పడితేనో ఆఫీసులు ఆరు వారాలకో మూడు నెలలకో ఒక మనిషిని తెచ్చుకుంటాయి. అలా వచ్చిన మనిషికి మొదటి రెండు మూడు రోజులు చాలాచోట్ల ఒకటే పని, ఎదురుచూడటం. లాగిన్ రాదు. వచ్చినా షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోదు. అదీ తెరుచుకుంటే, ఏం చేయాలో చెప్పాల్సినవారు మీటింగ్‌లో ఉంటారు. మధ్యాహ్నానికల్లా మనసు గోడ గడియారం నుంచి పక్క సీటు కీబోర్డు చప్పుడుకి, అక్కడి నుంచి ఎప్పటివో సంగతులకి వెళ్లిపోతుంది. టెంపరరీ వాళ్లకు పని మీద శ్రద్ధ ఉండదని చూసేవాళ్లు తేల్చేస్తారు. ఆ మాట అన్యాయం. ఈ ఖాళీ ఆ మనిషి వెంట తెచ్చుకున్నది కాదు, ఆ ఏర్పాటులోనే ఉంది.

పర్మనెంట్ ఉద్యోగికి ఒక పని ఆగితే చేతిలో ఇంకో నాలుగుంటాయి. టెంపరరీకి ఉండేది ఒక్కటే. దానికి ఎవరి సంతకమో కావాల్సి వస్తే ఆ పూటంతా ఆగినట్టే. పైగా మనుషుల్ని తీసుకునేది పని బాగా పోటెత్తే రోజుల్ని చూసి. మిగతా రోజులు వెలితిగానే ఉంటాయి. ఎంత సమయం ఇస్తే పని అంతా సాగుతుందని బ్రిటిష్ చరిత్రకారుడు పార్కిన్సన్ 1955లో రాసింది ప్రభుత్వ యంత్రాంగం గురించి. ఇక్కడ అది సాగడానికి కారణం వేరు. గంటల లెక్కన డబ్బు వచ్చే మనిషి మూడు రోజుల పని ఒక్కరోజులో తేల్చేస్తే, రేపటి నుంచి రావక్కర్లేదనే మాట వినాల్సి రావచ్చు. నెమ్మదిగా చేయమని ఆ పద్ధతే నేర్పుతోంది.

ఇక పరధ్యానం సంగతి. కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే పరిశోధకులు సుమారు 2,250 మందిని ఫోన్ ద్వారా వేళకాని వేళల్లో పలకరించి, ఇప్పుడేం చేస్తున్నారు, మనసు ఎక్కడుంది అని అడిగారు. 2010లో వెలువడిన ఫలితం ప్రకారం, 46.9 శాతం సందర్భాల్లో మనసు చేస్తున్న పని మీద లేదు. అంటే ఇది అందరిలోనూ ఉన్నదే. టెంపరరీ సీట్లో దాన్ని కప్పిపుచ్చేందుకు పని లేదు, అంతే తేడా.

అయితే ఏ పనిలో మనసును వదిలేయొచ్చు, ఎందులో కూడదు అన్నది తెలిసుండాలి. పాత కాగితాల స్కానింగ్‌లో వదిలేయొచ్చు. స్టేపుల్ పిన్నులు తీయాలి, మడతపడ్డ మూలలు సరిచేయాలి, కట్టను ఒకసారి విదిలించి ఫీడర్‌లో పెట్టాలి. విదిలించకపోతే రెండు కాగితాలు అతుక్కుని ఒకటిగా లోపలికి పోతాయి, వెనక పేజీ మాయమవుతుంది. అందుకే కట్టలో ఎన్ని కాగితాలున్నాయో పెట్టేముందే లెక్కపెట్టి, తెర మీద వచ్చిన పేజీలతో పోల్చుకోవాలి. ఫైలు పేరులో సంవత్సరం, నెల, తేదీ ఈ వరసలో రాస్తే వాటంతటవే కాలక్రమంలో నిలబడతాయి. చేతులు ఇలా ఆడుతుంటే ఆలోచన తన దారిన తాను పోవచ్చు, నష్టం లేదు.

అంకెలు ఎక్కించేటప్పుడు మాత్రం అలా కుదరదు. 5,480 కాస్తా 5,840 అవుతుంది, కంటికి ఆనదు. కూడిన మొత్తంలో తేడా వచ్చినప్పుడు ఆ తేడాను 9తో భాగించి చూడాలి. ఇక్కడ తేడా 360, శేషం లేకుండా పోతుంది. అలా పోయిందంటే పక్కపక్క అంకెలు తారుమారయ్యాయనో, చివర సున్నా ఒకటి ఎక్కువో తక్కువో పడిందనో ముందుగా అనుమానించాలి. పాతిక వరసలకోసారి మొత్తం సరిచూసుకుంటే వెతకాల్సింది ఆ పాతికలోనే. సాయంత్రానికి వదిలేస్తే రోజంతా తవ్వుకోవాలి.

మనిషిని నిజంగా అలసటకు గురిచేసేది ఖాళీ కాదు, పనున్నట్టు నటించడం. తెరిచిన స్ప్రెడ్‌షీట్‌ను పైకీ కిందికీ కదుపుతూ గంట గడపడం కంటే ఆ గంట స్కానింగ్ చేయడమే హాయి. ఈ నటన తప్పాలంటే ఆఫీసు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. మనిషి రావడానికి వారం ముందే లాగిన్ అడిగిపెట్టాలి. ఎవరి అనుమతీ అక్కర్లేని పనులు ఐదారు కాగితం మీద రాసివ్వాలి: చిరునామాల జాబితాలో రెండుసార్లు పడ్డ పేర్లు గుర్తించడం, పాత ఫోల్డర్లకు సరైన పేర్లు పెట్టడం వంటివి. ఒక్క జాగ్రత్త: దేన్నీ డిలీట్ చేయకూడదు, వేరే ఫోల్డర్‌లోకి మార్చాలి. ఏది పనికొస్తుందో కొత్త మనిషికి తెలిసే అవకాశం లేదు.

ఊసుపోక పుట్టే ప్రశ్నల్లో కొన్ని మాత్రం ఆ ఆఫీసుకు నిజంగా అవసరమైనవి. ఇదే వివరం రెండు ఫారాల్లో ఎందుకు నింపుతున్నారు? ఈ ప్రింటు తీసి ఎవరికిస్తున్నారు, వాళ్లు చదువుతున్నారా? ఏళ్లుగా అక్కడున్నవారికి ఇవి తట్టవు, అలవాటైపోయాయి. కొత్త మనిషికీ నెల తిరిగేసరికి తట్టడం మానేస్తాయి. కాబట్టి తోచినప్పుడే తేదీ వేసి చిన్న పుస్తకంలో రాసుకోవాలి. వాటిని అప్పగింత కాగితంలో చేర్చి, ఆఖరి రోజుకు రెండు రోజుల ముందే పై అధికారి చేతికివ్వాలి. ఆఖరి సాయంత్రం దాకా ఆగితే, ఆ అధికారి వచ్చి కూర్చునేసరికి లాగిన్ మూసేసి ఉంటుంది, చూపించడానికి ఒక్క ఫైలూ తెరుచుకోదు.