బొమ్మ టీవీలో, మోత రేడియోలో

తీగ పట్టకపోతే ఏ గొడవా లేదు. పెట్టె మళ్ళీ సర్దేసి, అటక మీద పడేసి హాయిగా నిద్రపోవచ్చు. జపాన్ నుంచి తెప్పించుకున్న పాత గేమ్ కన్సోల్‌తో వచ్చే తంటాలన్నీ తీగ చక్కగా పట్టేసినప్పుడే మొదలవుతాయి.

ఫామికామ్‌నే తీసుకోండి. 1983 జులైలో నింటెండో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన ఎరుపు తెలుపు పెట్టె. దాని అడాప్టర్ మీద శుభ్రంగా అచ్చేసి ఉంటుంది: లోపలికి 100 వోల్టుల ఏసీ, బయటికి 10 వోల్టుల డీసీ, 850 మిల్లీఆంపియర్లు. చుట్టూ జపనీస్ అక్షరాలున్నాయి కదా, అంకెలు కూడా జపనీసే అయ్యుంటాయనుకుని మనవాడు చదవడు. ఆ చపటా కాళ్ళ ప్లగ్గుకి ఇంకో ప్లగ్గు తొడిగి 230 వోల్టుల సాకెట్‌లో గుచ్చుతాడు. తొడుగు ప్లగ్గు కాళ్ళ ఆకారం మారుస్తుందే తప్ప వోల్టేజీ జోలికి పోదు. అడాప్టర్ లోపల ఉన్నది పాతకాలపు ఇనప ట్రాన్స్‌ఫార్మర్. 100కి చుట్టిన చుట్టలోకి 230 వదిలితే ముందు మూలుగుతుంది, తర్వాత వేడెక్కుతుంది, ఆపైన కంపు కొడుతుంది. "ఏదో కాలుతున్నట్టుందిరా!" అని లోపలి గదిలోంచి కేక వేసే పెద్దాయన ముక్కుకి మాత్రం ఎప్పుడూ ఏ అడాప్టరూ అక్కర్లేదు.

అది పోయాక మనవాడు సొరుగు గాలిస్తాడు. పాత రౌటర్‌ది 9 వోల్టుల అడాప్టర్ ఒకటి దొరుకుతుంది. కన్సోల్ రంధ్రంలో భేషుగ్గా దూరుతుంది. కానీ చాలా రౌటర్లకి ప్లగ్గు మధ్యలో ప్లస్, ఫామికామ్‌కి మధ్యలో మైనస్. అలా తిప్పి కరెంటిస్తే లోపలి రెగ్యులేటర్‌కి మూడుతుంది. ఫామికామ్‌కి అమెరికా రూపమైన ఎన్‌ఈఎస్ అడాప్టర్ తగిలిద్దామా అంటే అది ఇంకా మాయలమారిది: బయటికి వచ్చేది 9 వోల్టుల ఏసీ. ఎన్‌ఈఎస్ లోపల దాన్ని డీసీగా మార్చుకునే రెక్టిఫయర్ ఉంది, ఫామికామ్‌లో లేదు. కావలసింది 9 వోల్టుల డీసీ, 1 ఆంపియర్, మధ్యలో మైనస్, బయట 5.5, లోపల 2.1 మిల్లీమీటర్ల ప్లగ్గు. గిటార్ పెడళ్ళకి వాడే అడాప్టర్లలో ఇదే ధ్రువత ఉంటుంది. ఆంపియర్లు చాలుతాయో లేదో చూసి మరీ తీసుకోవాలి.

సరే, కరెంటు వచ్చింది. ఇక టీవీ.

ఫామికామ్ వెనక గుండ్రటి ఆర్‌సీఏ రంధ్రం ఒకటి, టీవీ వెనక పసుపు రంగు ఆర్‌సీఏ రంధ్రం ఒకటి. తీగ రెండు వైపులా టక్కున పట్టేస్తుంది. తెర మాత్రం నల్లగా అలాగే ఉంటుంది. ఎందుకంటే ఆ రంధ్రంలోంచి వచ్చేది వీడియో కాదు, ఆర్‌ఎఫ్, అంటే యాంటెన్నా పట్టే లాంటి రేడియో సంకేతం. వెళ్ళాల్సింది యాంటెన్నా సాకెట్‌లోకి. వెనక ఉన్న టీవీ/గేమ్ స్విచ్చి గేమ్ వైపు ఉండాలి. పక్క స్విచ్చితో జపాన్ 1వ ఛానెలో 2వ ఛానెలో ఎంచుకోవాలి. మొదటిదానికి బొమ్మ 91.25 మెగాహెర్ట్జ్ దగ్గర, రెండోదానికి 97.25 దగ్గర దొరుకుతుంది. ఇక్కడ ఆటోసెర్చ్‌ని నమ్ముకుంటే మునిగినట్టే. పాల్ పద్ధతి టీవీలు వాడే మనలాంటి చాలా దేశాల్లో ఆ మేర టీవీలకి కాక ఎఫ్‌ఎం రేడియోకి ఇచ్చారు కనుక కొన్ని టీవీలు అటువైపు తొంగిచూడకుండా దాటేస్తాయి. మాన్యువల్ ట్యూనింగ్ ఉంటే ఒక్కో మెట్టూ ఎక్కుతూ వెళ్ళాలి.

చివరికి బొమ్మ పడుతుంది, దొర్లుతూ. పాల్ టీవీ అలవాటు సెకనుకి 50 ఫీల్డులు (తెరని పైనుంచి కిందికి ఒకసారి గీస్తే ఒక ఫీల్డు), జపాన్ పెట్టె పంపేది 60. వెనక వర్టికల్ హోల్డ్ మీట ఉన్న పాత టీవీ అయితే కాస్త తిప్పితే చాలాసార్లు నిలబడుతుంది. నిలబడ్డాక చూస్తే నలుపు తెలుపే. జపాన్ వాడే ఎన్‌టీఎస్‌సీ పద్ధతి రంగుని 3.58 మెగాహెర్ట్జ్ మీద మోస్తే, పాల్ టీవీ 4.43 దగ్గర వెతుకుతుంది. శబ్దమూ అంతే. కన్సోల్ దాన్ని బొమ్మకి 4.5 మెగాహెర్ట్జ్ ఎగువన పెడితే, చాలా పాల్ టీవీలు 5.5 దగ్గర చెవి పెడతాయి. వినిపించేది బుస్సు.

ఇక్కడో చిలిపి వైద్యం ఉంది. 91.25కి 4.5 కలిపితే 95.75. మామూలు ఎఫ్‌ఎం రేడియోని కన్సోల్ తీగ పక్కన పెట్టి అక్కడికి తిప్పితే ఆట సంగీతం, కాస్త నీరసంగానైనా, రేడియోలో మోగుతుంది. బొమ్మ ఇక్కడ, మోత అక్కడ. చుట్టుపక్కల ఏ ఎఫ్‌ఎం స్టేషనో అదే తావులో ఉంటే బొమ్మ మీద ఏటవాలు గీతలు పడతాయి, ఆట మధ్యలో వార్తలు కూడా వస్తాయి.

ఇదంతా వద్దనుకుంటే ఆర్‌ఎఫ్‌ని వదిలేసి బొమ్మ గీసే పీపీయూ చిప్ 21వ కాలి నుంచి నేరుగా కాంపోజిట్ వీడియో, అంటే టీవీ పసుపు రంధ్రం అడిగే వీడియో, లాగాలి. ఒక ట్రాన్సిస్టర్, రెండు రెసిస్టర్లు, ఒక 220 మైక్రోఫారడ్ కెపాసిటర్ సరిపోతాయి. ఆ కాలుని బోర్డు నుంచి విడదీయకుండా చేస్తే తెర మీద నిలువు గీతలు మిగులుతాయి. వాటికి జైలు ఊచలని పేరు. సోల్డరింగ్ చేయి తిరగనివాళ్ళు 1993లో కాంపోజిట్ వీడియోతోనే వచ్చిన ఏవీ ఫామికామ్ కొనుక్కోవడం మర్యాద.

ఫామికామ్ తర్వాతి కన్సోల్ సూపర్ ఫామికామ్ వాళ్ళని ఎరుపు, ఆకుపచ్చ, నీలం వేరువేరుగా మోసే ఆర్‌జీబీ తీగ కాచుకుని ఉంటుంది. జపాన్ 21 పిన్నుల ప్లగ్గూ, ఐరోపా టీవీల స్కార్ట్ ప్లగ్గూ చూడ్డానికి ఒక్కటే. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన ఆస్తి కలవదు. జపాన్‌లో 19వ పిన్ను ఆకుపచ్చ, 20వది నీలం. స్కార్ట్‌లో 19 టీవీ బయటికి పంపే వీడియో, 20 లోపలికి తీసుకునే వీడియో. రెండు అవుట్‌పుట్‌లని ఎదురెదురుగా నిలబెడితే ఏదో ఒకటి చచ్చే ప్రమాదం ఉంది. పిన్నులు మార్చే అడాప్టర్ లేకుండా ముట్టుకోకండి.

కొత్త ఎల్‌సీడీ టీవీలో రంగూ శబ్దమూ సాధారణంగా పేచీ పెట్టవు. పేచీ పెట్టేది వేగం. 240 గీతల ప్రోగ్రెసివ్ (గీతలన్నీ ప్రతిసారీ గీసే, పొట్టిగా 240పీ) బొమ్మని అది 480 గీతల ఇంటర్లేస్డ్ (గీత విడిచి గీత గీసే) బొమ్మ అనుకుని, కూర్చుని అతుకులు వేస్తుంది. దెబ్బతిని మినుకుమినుకుమనాల్సిన వీరుడు ఒక్కో టీవీలో పూర్తిగా మాయమైపోతాడు. దూకు బటన్ నొక్కాక టీవీ ఆలోచించుకునేలోపు గుంటలో పడతాడు. గేమ్ మోడ్ పెడితే కొంత నయం. 240పీని 240పీగానే గుర్తించి గీతలని రెట్టింపు చేసే లైన్ డబ్లర్ వాడితే ఇంకా నయం. చవక కన్వర్టర్ కొనేవాళ్ళు బాణం గుర్తు ఏవీ నుంచి హెచ్‌డీఎంఐ వైపు ఉందో లేదో చూడాలి. ఎదురు బాణం పెట్టె కూడా తీగలన్నిటికీ భేషుగ్గా పడుతుంది.

తుపాకీ ఉన్నవాళ్ళు మాత్రం డొక్కు పిక్చర్ ట్యూబ్ టీవీని పారేయకండి. లైట్ గన్ చూసేది ట్యూబ్ తెర మీద మెరిసే వెలుతురుని. ఎల్‌సీడీ మీద ఎంత గురిపెట్టినా ఒక్క పిట్టా రాలదు. దానికి రంగుతో పని లేదు. నలుపు తెలుపు బొమ్మయినా పిట్టలు రాలతాయి, చప్పుడు రేడియోలోంచి వస్తుంది.