వంగిన నడుముకే అందం

కోత అయిపోయిన చేలో పరిగె ఏరుకునే పేదరాలు నడుము నిటారుగా చేస్తే బొమ్మ పాడవుతుంది కనుక, ఆమె ఆ పని ఎన్నడూ చేయరాదని కళాభిమానులందరి తరఫున సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

1885 వేసవిలో, నెదర్లాండ్స్ దక్షిణాన బ్రబాంట్ ప్రాంతపు న్యూనెన్ పల్లెలో విన్సెంట్ వాన్ గో నల్లసుద్దతో గీసిన పెద్ద బొమ్మలు చూసినవారెవరైనా నాతో ఏకీభవిస్తారు. పరిగె ఏరేవారు, పనలు కట్టేవారు, నేల తవ్వేవారు వాటిలో అదే పనిగా వంగి ఉంటారు. కొందరైతే మనవైపు వీపు తిప్పి, మందపాటి లంగానూ కొయ్యచెప్పులనూ మాత్రమే చూపిస్తారు. ముఖం కనిపిస్తే ఆమె ఏమనుకుంటున్నదోనని మనకు అనుమానం వచ్చేది; ఆ బాధ తప్పింది. అప్పట్లో అమెరికా నుంచి ఓడల్లో దిగుతున్న చవక ధాన్యం దెబ్బకు ఐరోపాలో ధరలు పడిపోయి రైతులు చితికిపోతున్నారు. అయితే ధరను సుద్దతో గీయడం కష్టం, నడుమును గీయడం సులువు.

చిత్రకారుణ్ని తప్పుపట్టలేం. పారిస్‌లో బొమ్మల వ్యాపారంలో పనిచేసే తమ్ముడు తియో పంపే సొమ్ముతో బతుకుతూ, అందులోంచే కూలివాళ్లకు డబ్బిచ్చి బొమ్మలు గీసుకున్నాడు. పల్లెపడుచు దుమ్ముపట్టిన, మాసికలు వేసిన నీలం లంగాలోనే దొరసాని కంటే అందంగా ఉంటుందని, దొరసాని బట్టలు కడితే ఆ నిజం కాస్తా పోతుందని తమ్ముడికి రాశాడు కూడా. కొత్త లంగా ఖర్చును ఇంత గౌరవంగా తప్పించిన సిద్ధాంతం మరొకటి నాకు తెలియదు.

ఇంతటి కళాసేవకు అడ్డుపడినవాడు ఆ ఊరి కాథలిక్ గురువు. బొమ్మకు కూర్చున్న ఒక యువతి గర్భవతి కాగా నింద చిత్రకారుడి మీద పడింది, ఆయన కాదన్నాడు. బొమ్మకు ఒప్పుకోనివారికి డబ్బిస్తానని గురువుగారు ఆశ చూపారని, గురువుగారిని అడుక్కునే కంటే చిత్రకారుడి దగ్గర సంపాదించుకోవడమే నయమని జనం తెగేసి చెప్పారని విన్సెంట్ ఉత్తరంలో ఉంది. వంగనందుకు కూలి ఇస్తానన్న పెద్దమనిషి వారికి జన్మలో ఒక్కడు దొరికాడు కాబోలు, ఆయన్నీ వదులుకున్నారు.

విన్సెంట్ ఊరు విడిచాక, బ్రెడా పట్టణంలో ఒక వడ్రంగి దగ్గర దాచిన ఆయన బొమ్మలు అనేకం పాతసామాన్ల వ్యాపారి చేతిలో పడి, బండి మీద కొద్దిపాటి చిల్లర డబ్బులకు అమ్ముడుపోయాయి. పరిగె ఏరే ఒకామె మాత్రం వంగిన నడుము వంగినట్టే జర్మనీ వెళ్లి, ఎస్సెన్ నగరంలోని ఫోక్‌వాంగ్ మ్యూజియంలో స్థిరపడింది. కాగితం చెడకుండా ఇలాంటి బొమ్మలను మసక వెలుతురులో ఉంచుతారు కనుక, పక్కనున్న చిన్న చీటీ చదవాలంటే ముందుకు వంగాలి. రెండు చీటీలు చదివేసరికి నడుము పట్టేస్తుంది. అందుకే చిత్రశాలల వారు దయతో గది మధ్యలో ఒక బెంచీ వేయిస్తారు.