అడవికి భాస్వరం పెట్టేది రాయే

ఉత్తరాంధ్ర అడవుల మీద చర్చ వచ్చిందంటే పోడు పట్టాలు, ఏనుగుల సంచారం, ఏడాదికి ఎన్ని మొక్కలు నాటారన్న లెక్కలు ముందుకొస్తాయి. చెట్టు కింది మట్టి, ఆ మట్టిని కన్న రాయి మాత్రం చర్చలోకి రావు. శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో ఏ వాలు మీద అడవి మళ్లీ లేస్తుంది, ఏ వాలు తుప్పలతోనే మిగిలిపోతుంది అన్నది వాన, మేత, నిప్పులతో పాటు భాస్వరం (ఫాస్ఫరస్) అనే పోషకం మీద కూడా ఆధారపడుతుంది. ఆ సంగతి పట్టించుకోకుండా వేసే అటవీ ప్రణాళికలు సగం ప్రణాళికలేనని నా అభిప్రాయం.

నత్రజని గాలిలో పుష్కలంగా ఉంది. కానుగ, సరుగుడు వంటి చెట్లు వేళ్లలోని సూక్ష్మజీవుల సాయంతో దాన్ని పట్టుకుంటాయి. భాస్వరానికి ఆ దారి లేదు. గాలిదుమ్ముతో కొంత వచ్చి పడినా, అసలు నిల్వ రాతిలోని అపటైట్ అనే కాల్షియం ఫాస్ఫేటు ఖనిజమే. భూమి పైపొరలో భాస్వరం సగటున 0.07 శాతం వరకు ఉంటుందంటారు గానీ, ఆ సగటు పట్టుకుని ఒక కొండ గురించి ఏమీ చెప్పలేం. లావా గడ్డకట్టిన నల్లరాయి బసాల్టులో అంతకంటే ఎక్కువ, క్వార్ట్జ్ (పలుగురాయి) నిండిన ఇసుకరాళ్లలో చాలా తక్కువ. అమెరికాలోని సియెర్రా నెవడా పర్వతాలపై 2014లో వెలువడిన ఒక పరిశోధన, వాతావరణం ఒకటే అయినా ఒక గ్రానైటు మీద దట్టమైన అడవి, పక్కనే మరో గ్రానైటు మీద దాదాపు బోడిరాయి ఉండటానికి రాతిలోని భాస్వరం వంటి పోషకాల తేడాయే కారణమని చూపింది. జర్మనీలో బీచ్ జాతి చెట్ల అడవుల మీద జరిగిన అధ్యయనాలు మరో మెట్టు పైకి వెళ్లాయి: బసాల్టు మీది అడవి ఖనిజం నుంచి కొత్త భాస్వరం లాక్కుంటూ బతుకుతుంటే, ఇసుకనేల మీది అడవి ఉన్నదాన్నే రాలిన ఆకుల్లో తిప్పుకుంటూ పొదుపుగా బతుకుతోంది.

మన కొండల సంగతి ఇక్కడే తేలాలి. తూర్పు కనుమల్లో మన వైపు ఎక్కువగా కనిపించేవి ఖొండలైటు, చార్నొకైటు, గ్రానైటు నైసులు. సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో ఉడికి రూపం మారిన రాళ్లివి. ఖొండలైటుకు ఆ పేరు ఖోండు గిరిజనుల మీదుగా వచ్చింది. శృంగవరపుకోట నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు రోడ్డు కోసిన గట్టును దగ్గరగా చూస్తే, చేత్తో నలిపితే పొడయ్యే తుప్పురంగు రాతిలో గోమేదికపు గింజలు ముదురెరుపుగా కనిపిస్తాయి. అది ఇట్టే చివుకుతుంది. చివికితే ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు నిండిన ఎర్రమట్టి మిగులుతుంది. ఆ ఆక్సైడ్లు ఫాస్ఫేటు రూపంలోని భాస్వరాన్ని పట్టుకున్నాయంటే అంత తేలిగ్గా వదలవు. ఈ ఎర్రనేలల్లో డీఏపీ వేసిన రైతుకు ఇది కొత్త విషయం కాదు. 50 కిలోల బస్తాలో మూలకంగా లెక్కిస్తే భాస్వరం 10 కిలోలే, అందులో కూడా చాలా భాగం ఆ పంటకు అందకుండా మట్టికే అంటుకుపోతుంది. అడవికైతే ఆ బస్తా కూడా లేదు.

కాలం ఈ కొరతను పెంచుతుంది. నేల వయసు పెరిగేకొద్దీ అపటైట్ కరిగిపోయి, మిగిలిన భాస్వరం ఆక్సైడ్ల లోపల చిక్కుపడుతుందని వాకర్, సయర్స్ అనే నేల శాస్త్రవేత్తలు 1976లో ప్రతిపాదించారు. హవాయి దీవుల్లో కొన్ని వందల ఏళ్ల లావా నుంచి 41 లక్షల ఏళ్ల నేల వరకు వరసగా పరిశీలించినప్పుడు, లేతనేల మీద నత్రజని, ముదురునేల మీద భాస్వరం కొరతగా తేలాయి. అలాగని మన కొండలన్నీ ముసలినేలలని తీర్మానించడం తొందరపాటు. నిటారు వాలు మీద మట్టి జారిపోతూ కింది తాజా రాయి బయటపడుతుంటుంది, జారిన మట్టి లోయలో చేరుతుంది. కొండనెత్తి మీది చదునులో మాత్రం రాతి నుంచి కొత్తగా వచ్చేది పెద్దగా ఉండదు.

ఇదంతా పేదరాయి కథే అనుకుంటే, విజయనగరం జిల్లాలోనే దానికి ఎదురు ఉదాహరణ ఉంది. గర్భాం, కోడూరు, గరివిడి ప్రాంతపు మాంగనీసు గనుల్లో ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త గత శతాబ్దం తొలి ఏళ్లలో గుర్తించిన శిలకు కోడూరు పేరు మీదే కోడురైటు అని పేరు పెట్టారు. పొటాష్ ఫెల్‌స్పార్, మాంగనీసు గోమేదికాలతో పాటు అందులో అపటైట్ కూడా ఉంది. ఇక్కడి మాంగనీసు ఖనిజంలో భాస్వరం ఎక్కువన్న ఫిర్యాదు పాతదే. ఉక్కులో చేరితే లోహం పెళుసవుతుంది కనుక కొలిమివాళ్లకు అది దోషం. చెట్టుకు అదే దోషం వరం కావచ్చు. తీరానికి వస్తే సంగతి తలకిందులు. కళింగపట్నం, భావనపాడు ఇసుకలో ఉండే మోనజైటు స్వయంగా ఫాస్ఫేటు ఖనిజమే అయినా, అది నీటిలో దాదాపు కరగదు కనుక పక్కనే పెరిగే సరుగుడు తోటకు ఒరిగేది ఏమీ లేదు. మొత్తం భాస్వరం ఎంత అన్నదాని కంటే ఏ ఖనిజంలో ఉంది అన్నదే ముఖ్యమని చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం అక్కర్లేదు.

పేదనేల మీద అడవి ఎలా నిలుస్తోందో తెలియాలంటే గుగ్గిలం చెట్టు కింద ఆకుదుబ్బును కాస్త పక్కకు జరిపి చూడాలి. పైన ఎండిన ఆకులు, వాటి కింద సగం కుళ్లిన తడి పొర, ఆ పొరలో సన్నని వేళ్లతో పెనవేసుకున్న తెల్లటి బూజుదారాలు. వేరు చేరలేని చోటికి ఆ శిలీంధ్రం చేరుతుంది, కుళ్లిన ఆకుల్లో బంధించి ఉన్న సేంద్రియ భాస్వరాన్ని విడగొట్టే ఎంజైములు వదులుతుంది, బదులుగా చెట్టు నుంచి చక్కెర పుచ్చుకుంటుంది. ఆకు రాలే ముందే చెట్టు అందులోని భాస్వరంలో సగం వరకు, ఒక్కోసారి అంతకు మించి వెనక్కి లాక్కుంటుంది. పేదరాయి మీది అడవికి ఈ ఆకుదుబ్బే గాదె.

అందుకే నిప్పును నేను పోడు కంటే పెద్ద సమస్యగా చూస్తాను. మంటలో నత్రజని పొగగా పోతుంది, భాస్వరం చాలావరకు బూడిదలో మిగులుతుంది. పోడు రైతుకు మొదటి ఏడాది పంట బాగా రావడానికి ఒక కారణం అదే. దీర్ఘకాలం బీడు వదిలినప్పుడు వేళ్లు లోతు నుంచి తెచ్చి మళ్లీ పైపొరను నింపేవి. బీడు కాలం కుంచించుకుపోవడానికి సవరలు, జాతాపులు బాధ్యులు కారు. వాళ్లకు మిగిల్చిన భూమే తక్కువ. కానీ ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో తుప్పలు శుభ్రం చేయడానికీ, ఊరికే నిర్లక్ష్యంతోనూ పెట్టే మంటల వల్ల ఆ బూడిద ఏ పంటకూ అందకుండా తొలకరి వానకు గెడ్డల్లోకి, అంటే కొండవాగుల్లోకి కొట్టుకుపోతుంది.

అడవి పెంచి కార్బన్ దాస్తామనే పథకాలు కూడా ఈ లెక్క చూసుకోవాలి. బ్రెజిల్ అమెజాన్ అడవిలో మనాస్ నగరం దగ్గర భాస్వరం వేసి చూసిన ప్రయోగంలో ఆకులు, సన్నవేళ్ల ఉత్పత్తి పెరిగినట్టు 2022లో ప్రకటించారు. కాండం పెరుగుదలలో మాత్రం తేడా కనబడలేదు. ఆస్ట్రేలియాలో భాస్వరం తక్కువున్న యూకలిప్టస్ అడవికి అదనంగా కార్బన్ డయాక్సైడ్ అందించినా ఆ కార్బన్ కలపగా నిలవలేదని, చాలా భాగం నేల నుంచి తిరిగి గాలిలోకే పోయిందని 2020లో తేల్చారు.

చేయవలసింది కొండల మీద సూపర్ ఫాస్ఫేటు చల్లడం కాదు. తోటలు నరికేటప్పుడు భాస్వరం ఎక్కువగా ఉండే ఆకు, బెరడు, రెమ్మలను అక్కడే వదిలి, దుంగను మాత్రమే తరలించాలి. నాటే ముందు భూగర్భ పటాన్ని చూడాలి. మట్టి పరీక్ష కూడా రైతుకు ఇచ్చే భూసార కార్డు పద్ధతిలో చేస్తే చాలదు: ఆమ్లనేలలకు బ్రే పద్ధతి, తటస్థ, క్షార నేలలకు ఓల్సెన్ పద్ధతి అని వాడే ఆ పరీక్షలు తేలిగ్గా కరిగే భాస్వరాన్నే కొలుస్తాయి, అడవి బతికేదేమో సేంద్రియ భాస్వరం మీద. కనుక మొత్తం, సేంద్రియ భాస్వరాలు రెండూ కొలిచి, ఆకులో నత్రజని, భాస్వరాల నిష్పత్తినీ చూడాలి. అది 16 దాటితే భాస్వరం కొరత అనే కొలబద్ద యూరప్ చిత్తడినేలల్లో పుట్టింది కాబట్టి, గర్భాం గనుల పక్క వాలు మీదా, శృంగవరపుకోట ఖొండలైటు వాలు మీదా ఒకే జాతి చెట్ల ఆకులు తీసి ముందు మనకు సరిపోయే అంకె తేల్చుకోవాలి.